ఎక్స్‌పెడిషన్ పుట్టిల్లు

మార్చి పదకొండో తేదీని మాస్టారు మరిచిపోలేదు. ఆ పొద్దున తిన్నదేమిటో కూడా గుర్తే. రెండు ఉడికిన గుడ్లు, వాటి మీద చిటికెడు మిరియాల పొడి, ముందురోజు మిగిలిన రొట్టె కాల్చుకున్నది. ఆఖరి ముక్క నోట్లో ఉండగానే కింద కుట్టుషాపులోంచి మరదలి గొంతు మెట్లెక్కి వచ్చింది.

“బావగారూ! ఒక్కసారి కిందికి దయచేయండి. మీ లాటిన్ మా కొంప ముంచింది.”

మాస్టారు చెయ్యి తుడుచుకుని దిగారు. ఆయన బతుకంతా కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన మనిషి. ఆ ఇంగ్లీషు వెనకాల ఉన్న లాటిన్‌ని ఎవరూ అడక్కుండానే నేర్చుకున్నారు, ఎవరూ అడక్కుండానే చెప్పేవారు. భార్య పోయాక పాత ఇల్లు ఖాళీ చేసి, ఆమె చెల్లెలి మేడగదిలో చేరారు. ఎన్నాళ్లుంటారని మరదలు ఒక్కనాడూ అడగలేదు. పోయిన అక్క ఊసు తనంతట తాను ఎత్తదు. ఆయన ఎత్తితే మాత్రం మిషను తొక్కడం ఆపి వింటుంది. మిషను ఆగిన ఆ కాస్త నిశ్శబ్దం ఆయనకు చాలు.

ఆ రోజు మిషను ఆగే ఉంది. సగం కుట్టిన కోటు, షాపులోని కొయ్యబొమ్మ భుజాల మీద ఒక్క చెయ్యితోనే వేలాడుతోంది. బట్టలు కత్తిరించే బల్ల మీద ఫోను బోర్లించి, దాని పక్కనే తల పెట్టుకుని కూర్చుంది పిచ్చుక. మరదలి కూతురు. పుట్టినప్పటి నుంచీ కిచకిచ ఆపలేదని ఆ పేరు పెట్టింది మాస్టారి భార్యే.

“ఒక్క మార్కు పెదనాన్నా. ఒక్క మార్కుతో సీటు పోయింది,” అంది తలెత్తకుండా.

సీటంటే ఫిజియోథెరపీ కాలేజీలో సీటు. వాళ్ల పెద్దమ్మ మంచాన పడ్డ ఏడాది, ఒక ఫిజియోథెరపిస్టు ఇంటికొచ్చి ఆమె కాళ్లకు మళ్లీ కదలిక తెచ్చాడు. మంచం మీంచి కిటికీ దాకా నడిపించాడు. ఆ కిటికీ దగ్గర నిలబడి పెద్దమ్మ వీధిలోకి చూసి నవ్విన నవ్వును పిచ్చుక పక్కనే ఉండి చూసింది. ఆ రోజే పట్టుపట్టింది, ఈ పని నేర్చుకుంటానని. ప్రవేశపరీక్షలో వైద్యపదాల భాగం ఒకటి ఉంటుంది. ఏ మాట ఏ మూలం నుంచి వచ్చిందో అడుగుతారు. దానికి మాస్టారే గురువు.

ఆయన చెప్పే పద్ధతి వేరు. మాటల్ని చుట్టాలుగా చెప్పేవారు. “పోర్ట్ అంటే లాటిన్లో మోయడం. ఇంపోర్ట్ లోపలికి మోసుకొచ్చేవాడు. ఎక్స్‌పోర్ట్ బయటికి మోసుకెళ్లేవాడు. సపోర్ట్ కింద నిలబడి మోసేవాడు. రిపోర్ట్ వెనక్కి మోసుకొచ్చి చెప్పేవాడు.”

“అంటే చాడీలు మోసేవాడు! మన పక్కింటి అత్తయ్యలాగా!” అని కిచకిచమనేది పిచ్చుక.

“నెమ్మదిగా. గోడకి చెవులుంటాయో లేదో గానీ ఆవిడకి మాత్రం ఉన్నాయి,” అనేది తల్లి నోట్లో గుండుసూదులు పెట్టుకునే.

అలా నేర్చుకున్న పిల్లకు మూలాల భాగంలోనే మార్కు పోయింది. మాస్టారు కళ్లద్దాలు సర్దుకుని ప్రశ్నపత్రం తీసుకున్నారు. ప్రశ్న చిన్నదే. కింది నాలుగింటిలో వేరే మూలం నుంచి వచ్చిన మాట ఏది? పెడల్, పెడెస్ట్రియన్, ఎక్స్‌పెడిషన్, పీడియాట్రిక్స్.

“నువ్వేం పెట్టావు?”

“పీడియాట్రిక్స్.”

“మరి?”

“వాళ్ల జవాబుల కీలో ఎక్స్‌పెడిషన్ అని ఉంది.”

మాస్టారు ఫోను తిప్పి చూశారు. మళ్లీ ప్రశ్న చూశారు. కోపం ఆయనకు ఎప్పుడూ చెవుల దగ్గర మొదలవుతుంది. రెండు చెవులూ ఎర్రబడ్డాయి.

“ఎవడు వీడు? ఏ గుడ్డి వెధవ వీడు?”

“తిట్లు తర్వాత. అసలు మా పిల్ల రాసింది ఒప్పా, తప్పా? అది చెప్పండి ముందు,” అంది మరదలు.

“ఒప్పు! నిక్షేపంలాంటి ఒప్పు! పెడ్ అంటే లాటిన్లో పాదం. కాలితో తొక్కేది పెడల్. కాలినడకన పోయేవాడు పెడెస్ట్రియన్. కాలికున్న సంకెల విప్పి బయటికి వదిలితే ఎక్స్‌పెడిషన్. కాలికి అడ్డం తగిలితే ఇంపెడిమెంట్. అంతా ఒక్క తల్లి పిల్లలు. ఈ పీడియాట్రిక్స్ ఎక్కడిదనుకున్నావు? గ్రీకుది! అక్కడ పైస్ అంటే బిడ్డ. పసిపిల్లల వైద్యం. దానికీ పాదానికీ సంబంధమే లేదు. ఇంటిపేరు కలిసినంత మాత్రాన చుట్టాలైపోతారా?”

“మరి వాళ్లెందుకలా ఇచ్చారు?”

“పైపైన చూసి! ఇంగ్లీషులో రాస్తే మిగతా మూడూ పి-ఇ-డి అనే మొదలవుతాయి. ఇది ముందు ఎక్స్ తగిలించుకుంది. పెళ్లై ఇంటిపేరు మారిన ఆడపిల్లని నువ్వు మా పిల్లవే కాదు పొమ్మన్నట్టు!”

మరదలు కత్తెర బల్ల మీద పెట్టింది. “అయితే ఇక్కడ అరిస్తే ఏం లాభం? వెళ్లి అక్కడ అరవండి.”

పరీక్షల ఆఫీసు పొడుగాటి వరండా. గోడకు ఒక నోటీసు బోర్డు, దానికి పిన్నులతో కీ, ర్యాంకుల జాబితా. బోర్డు పక్కన కిటికీ వెనక ఒక గుమాస్తా. మాస్టారు గుడ్డసంచీలో తన లాటిన్ నిఘంటువు మోసుకెళ్లారు. పసిబిడ్డంత బరువు. గుమాస్తా మొదట ఆయన అవస్థ చూసి లోపలి నుంచి తన కుర్చీయే ఎత్తి బయట వేశాడు. తర్వాత నిఘంటువు చూశాడు. మొహం చిన్నబుచ్చుకున్నాడు.

“ఇది పనికిరాదు సార్. కీ మీద అభ్యంతరం చెప్పాలంటే మేం సూచించిన పుస్తకం లోంచే చూపించాలి.”

“మీరు సూచించింది ఏది?”

గుమాస్తా ఒక పసుపు అట్ట గైడు చూపించాడు. బయట బండి మీద పెన్నులతో పాటు అమ్మే రకం. మాస్టారు పేజీ తిప్పారు. పెడ్ అనే అక్షరాలతో మొదలయ్యే మాటలన్నీ, పాదమూ పసిబిడ్డా తేడా లేకుండా, ఒకే గూట్లో కుక్కి ఉన్నాయి. పైన ‘వీటన్నింటి మూలం ఒక్కటే’ అని అచ్చేసి ఉంది.

“తప్పును పుస్తకంలో అచ్చేసి, ఆ పుస్తకమే చూపించి ఒప్పని నిరూపించమంటారా?”

“నన్నంటే ఏం లాభం సార్. లోపల అధికారిగారున్నారు. ఆయన్ని కలవండి,” అని గొంతు తగ్గించి, “భోజనానికి వెళ్లకముందే వెళ్లండి. తిన్నాక ఎవరి మాటా వినరు,” అన్నాడు.

పరీక్షల అధికారి చల్లటి గదిలో చల్లటి మనిషి. కుర్చీ చూపించారు, టీ చెప్పారు, నిఘంటువు తెరిచిన చోట చూశారు కూడా. చూసి మూశారు.

“మీరన్నది నిజమే అయ్యుంటుంది మాస్టారూ. నేను లెక్కల మనిషిని, నాకీ మూలాలు తెలీవు. కానీ ఆలోచించండి. కీ మారిస్తే ర్యాంకులన్నీ మారతాయి. సీటొచ్చిందని సంబరపడుతున్న పిల్లల్ని లేపాలి. వాళ్ల అమ్మానాన్నలు మా మీద పడతారు. మా నిపుణుడికి చెడ్డపేరు. ఇంత గొడవ ఒక్క మాట కోసమా?”

“ఒక్క మాట కోసం కాదండీ. ఒక పిల్ల కోసం.”

“అక్కడికే వస్తున్నా. పిల్లకు దారి ఉంది.” అధికారి ముందుకు వంగారు. “మాకు మర్సీ మార్కు అని ఒకటుంది. ఒక్క మార్కుతో పోయినవాళ్లకి మా విచక్షణ మీద కలపొచ్చు. ఒక సీటు ఎలాగూ ఖాళీ అయింది. అమ్మాయి ఒక ముక్క రాసిస్తే చాలు. పరధ్యానంలో తప్పు జవాబు పెట్టాను, దయచేసి పరిశీలించండి అని. రేపు సాయంత్రం లోపు. ఇక గొడవుండదు.”

మాస్టారి చెవులు మళ్లీ కాలాయి.

“అయ్యా, మీ ఆఫీసు బయట పెద్ద అక్షరాలతో ఎగ్జామ్ అని రాసుకున్నారే, దాని మూలం తెలుసా? ఎగ్జామెన్ అంటే లాటిన్లో త్రాసు ముల్లు. అదీ, కచ్చితం అనే అర్థమిచ్చే ఎగ్జాక్ట్ అనే మాటా ఒక్క కడుపున పుట్టాయి. ముల్లు వంకరగా ఉంటే ముల్లు సరిచేస్తారు. మీరేమిటండీ, సరుకును క్షమాపణ రాసివ్వమంటున్నారు?”

“మాటలు బాగా చెప్తారు మీరు,” అన్నారు అధికారి, నవ్వు చెదరకుండా. “టీ చల్లారిపోతోంది.”

“నాకు మీ టీ వద్దు, మీ మర్సీ వద్దు! దాని పుట్టుక కూడా చెప్పమంటారా? మర్సీ, మర్చంట్, కామర్స్, మార్కెట్. అంతా ఒక్క కొట్లోంచి వచ్చిన సరుకే. మొదట దానర్థం కూలి, వెల. మీ నోట్లో అది మళ్లీ పుట్టింటికే వెళ్లిపోయింది. మీరిచ్చేది దయ కాదు, బేరం. తప్పు మీది, ఒప్పుకోలు పిల్లది!”

నిఘంటువు చంకన పెట్టుకుని బయటికొచ్చేశారు. వీధి మలుపు తిరిగే దాకా విజయగర్వంతోనే నడిచారు. ఆ తర్వాత సంచీ బరువు తెలిసింది.

ఇంట్లో ఆ గర్వం ఎంతోసేపు నిలవలేదు. జరిగింది విని మరదలు కొలతటేపు మెళ్లోంచి తీసి బల్ల మీద విసిరింది.

“కాళ్ల దగ్గరికొచ్చిన సీటు తన్నేసి వచ్చారా బావగారూ? ఎవర్నడిగి వద్దన్నారు? పిల్లనడిగారా? నన్నడిగారా? ఓడలో వంట చేస్తూ నీళ్ల మీద తిరిగే దాని నాన్నకు ఫోనన్నా చేశారా?”

అడగలేదన్నది నిజమే. ఆయన కోపం ఆయనకు తగినంత పెద్దదిగా ఉండేసరికి, అందులో పిల్ల ఎక్కడుందో చూసుకోలేదు.

“రేపు సాయంత్రం దాకా గడువుందమ్మా,” అన్నారు మాస్టారు. “నీ ఇష్టం పిచ్చుకా. నువ్వు రాసిస్తానంటే నేను నీకు తోడొస్తాను. ఒక్క మాటనను.”

“రాసిస్తుంది. ఎందుకివ్వదు? ఒక ముక్కేగా! మాటల పుట్టిళ్లూ అత్తిళ్లూ తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు,” అంది మరదలు.

పిచ్చుక కత్తెర పిడిలో వేలు పెట్టి తిప్పుతూ కూర్చుంది.

“పెదనాన్నా, ఆ మార్కు నా ఒక్కదానికే ఎందుకిస్తానన్నాడో అడిగారా?”

“అడగలేదు.”

“నా పక్క బెంచీలో అమ్మాయి కూడా పీడియాట్రిక్స్ పెట్టింది. బయటికొచ్చాక మాట్లాడుకున్నాం. ఇంకా ఎంతమంది పెట్టారో. వాళ్లకి ఇంట్లో అరిచే పెదనాన్నలు లేరు. అందుకని వాళ్లకి మర్సీ లేదు.” కత్తెర వదిలేసి మొహం పక్కకు తిప్పుకుంది. ఏడుపు అనుకున్నారు ఇద్దరూ. కాదు. “నేను తప్పు రాశానని సంతకం పెడితే వాళ్లందరి జవాబూ తప్పని నేనే సాక్ష్యం చెప్పినట్టు కదా! మీ నోరు మూయడానికి నా చేత సంతకమా? నాకు ఒళ్లు మండిపోతోంది!”

గదిలో అంతవరకు ఇద్దరి కోపమే ఉంది. మూడోది వచ్చి మొదటి రెండింటినీ పక్కకు నెట్టింది. మరదలు కూతుర్ని ఎగాదిగా చూసింది, కొత్తగా కుట్టిన బట్టను వెలుతురులో పెట్టి చూసినట్టు.

“అయితే ఏం చేస్తావే?”

“బోర్డు మీద పెడతాను. వాళ్ల కీ పక్కనే.”

బట్టల నమూనాలు గీసే గోధుమరంగు కాగితం చుట్ట మూలన నిలబెట్టి ఉంది. పిచ్చుక దాన్ని బల్ల నిండా పరిచి సుద్దముక్క తీసుకుంది.

“సుద్దతో కాదు. గాలికి చెరిగిపోతుంది. అదిగో ఆ నల్ల మార్కర్ తీసుకో,” అంది మరదలు. “పెద్దగా రాయి. దూరం నుంచి కూడా కనపడాలి,” అంది.

మర్నాడు పొద్దున ఆఫీసు తెరిచేసరికి కాగితం బోర్డు పక్క గోడ మీద ఉంది. నడిమధ్య ఒక పెద్ద పాదం. నిజం పాదమే, పిచ్చుక తన కాలు కాగితం మీద పెట్టి చుట్టూ గీసింది. దాని కింద ‘పెడ్, లాటిన్, పాదం’. వేళ్లలోంచి కొమ్మలు. పెడల్, పెడెస్ట్రియన్, వంద కాళ్ల సెంటిపీడ్, పాదాల సేవ చేసే పెడిక్యూర్, సంకెల విప్పుకున్న ఎక్స్‌పెడిషన్, సంకెల పడ్డ ఇంపెడిమెంట్. ఒక పక్కన కొంగ బొమ్మ, వంశాలు గీసే గీతలు కొంగకాలిలా ఉంటాయని ఆ పేరు తెచ్చుకున్న పెడిగ్రీ. దూరంగా, ఏ కొమ్మకూ తగలకుండా, బొమ్మలో గీసిన ఒక గోడకవతల ఒక పసిబిడ్డ. ‘పీడియాట్రిక్స్. గ్రీకు. మా చుట్టం కాదు.’

“మీరు ఎదురుగా బెంచీ మీద కూర్చోండి. నోరెత్తకూడదు,” అని ముందే ఒట్టు వేయించుకుంది పిచ్చుక. మాస్టారు కూర్చున్నారు. పళ్లు నూరుకోవడం నోరెత్తడం కిందికి రాదు కాబట్టి అదొక్కటీ చేశారు.

ర్యాంకులు చూసుకోవడానికి వచ్చినవాళ్లు ఒక్కొక్కరే ఆగారు.

“ఇదేంటి, ఎవరిదైనా పెళ్లిసంబంధమా? వంశం గీశారు,” అన్నాడు హెల్మెట్ పట్టుకున్న కుర్రవాడు.

“అవును. ఈ పీడియాట్రిక్స్ గారు ఇంటిపేరు చూపించి, పిలవని పెళ్లికొచ్చి భోంచేసి పోయే రకం,” అంది పిచ్చుక.

వాడు నవ్వబోయి ఆగాడు. కొమ్మల వెంట వేలు జరిపాడు. “ఆగాగు. అయితే నేను పెట్టింది ఒప్పేనా? నేనూ పీడియాట్రిక్సే! మా అన్నయ్య రాత్రంతా నన్ను దద్దమ్మా అని తిట్టాడు!”

“నేనూ అదే పెట్టా,” అంది వెనక నుంచి ఇంకో గొంతు. ఇంకోటి. ఒక తల్లి కూతురి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చదివించింది. వరండా నిండింది. మాటలు పెరిగాయి. అధికారి బయటికొచ్చారు.

“ఎవరు అంటించారిది?”

“నేనే సార్,” అంది పిచ్చుక.

“పీకెయ్యవయ్యా దాన్ని,” అన్నారు గుమాస్తాతో.

గుమాస్తా వచ్చి కాగితం మూల గోటితో రెండుసార్లు గోకాడు. కావాలనే అంత సుతారంగా గోకాడని మాస్టారికి బెంచీ మీంచే తెలిసింది. “జిగురు గట్టిగా పట్టేసింది సార్. లాగితే గోడ సున్నంతో పాటు మన కీ కూడా ఊడొచ్చేట్టుంది.”

జనం గొల్లుమన్నారు. అధికారి బెంచీ మీద ఉన్న మాస్టారిని అప్పుడు చూశారు. మొహం గంటు పెట్టుకుని పిచ్చుక వైపు తిరిగారు. “నువ్వేనా ఆ అమ్మాయివి? నీకు మార్కు కలుపుతామనే చెప్పాం కదా. మీ పెద్దాయనే వద్దని వెళ్లారు. మళ్లీ ఈ రచ్చేమిటి?”

ఆ మాట ఆయన నోరుజారి వచ్చిందో, ధీమాగా వచ్చిందో తెలీదు. వరండాలో తలలన్నీ మాత్రం ఆయన వైపు తిరిగాయి.

“ఏం మార్కు?” అన్నాడు హెల్మెట్ కుర్రవాడు.

“ఎవరికి కలుపుతారు? తనొక్కదానికేనా?” అంది కూతుర్ని లాక్కొచ్చిన తల్లి.

“తప్పు జవాబు పెట్టానని రాసిస్తే కలుపుతారటండీ. వీళ్లందరికీ కూడా కలుపుతారా సార్? అందరం తలా ఒక ముక్క రాసివ్వమంటారా?” అంది పిచ్చుక.

“మేమెందుకు రాసివ్వాలి? ఆయన్ని రాసిమ్మనండి!”

ఆ గొంతు ఎవరిదో అధికారి వెతికారు. దొరకలేదు, ఎందుకంటే అప్పటికి అందరి గొంతూ అదే. పరిశీలిస్తాం, వెళ్లండి, అంటూ గదిలోకి వెళ్లి గడియ పెట్టుకున్నారు. సాయంత్రం గడువు దాటింది. పిచ్చుక సంతకం పెట్టలేదు.

ఆ తర్వాత రోజులు మరదలింట్లో ఎవరికీ అన్నం సరిగా దిగలేదు. ఖాళీ సీటు ఎవరికో ఇచ్చేశారని ఒకరోజు, ఆ గోడకు సున్నం కొట్టించారని ఇంకోరోజు కబురొచ్చింది. మరదలు బావగారిని ఒక్క మాటా అనలేదు. ఆయన గిన్నెలోకి కూర కాస్త ఎక్కువే వడ్డించేది. అది ఆయనకు తిట్టుకన్నా గట్టిగా తగిలింది, తిట్టుకన్నా మెత్తగానూ తగిలింది.

ఆఫీసు కిటికీ దగ్గర మాత్రం పిల్లలూ తల్లిదండ్రులూ రోజూ గుమిగూడుతూనే ఉన్నారు. నెలాఖరుకు కొత్త జాబితా వచ్చింది. పిచ్చుకకు సీటు వచ్చింది. హెల్మెట్ కుర్రవాడికీ వచ్చింది. బోర్డు మీద కింద చిన్న అక్షరాలతో ఒక వాక్యం: సాంకేతిక కారణాల వల్ల కీ సవరించబడినది.

“సాంకేతిక కారణాలా?” మాస్టారు షాపులో అటూ ఇటూ తిరిగారు. “కరెంటు పోయిందా? మిషను చెడిందా? తప్పు చేశామని రాయడానికి వీళ్ల చేతులు పడిపోయాయా? పిల్ల చేతైతే పరధ్యానం అని రాయించబోయారు, తమ వంతు వచ్చేసరికి సాంకేతికం!”

“సీటొచ్చింది కదా పెదనాన్నా,” అంది పిచ్చుక. కానీ దాని మొహంలో ఉండాల్సినంత వెలుగు లేదు. “ఆఫీసు దగ్గర ఒకమ్మాయి కనపడింది. పాత జాబితాలో ఉంది, కొత్తదాంట్లో లేదు. గైడులో ఉన్నట్టే పెట్టానక్కా, నేనేం తప్పు చేశాను అని అడిగింది. నాకేం చెప్పాలో తెలీలేదు.”

మాస్టారు నిలబడిపోయారు. ఆ పిల్ల ఆయన కోపంలోకి ఇంతవరకు రాలేదు. గైడును నమ్మి చదివిన పిల్ల. చదవమన్నది చదివిన పిల్ల. దాన్ని ఓడించింది పిచ్చుక కాదు, ఆ పసుపు అట్ట. అది ఇంకా బండి మీద పెన్నుల పక్కన అమ్ముడుపోతూనే ఉంది.

“ఆ పిల్ల ఎక్కడుంటుందో కనుక్కో. వచ్చే ఏడు పరీక్షకి నేను చెప్తాను. మేడ మీదికి రమ్మను,” అన్నారు.

“నేనూ కూర్చుంటాను తనతో.”

“ఇక ఆ గైడు వేసినవాడు... వాడికి రాస్తాను. పేజీ పేజీకీ రాస్తాను. వాడు పెడ్ ఒక్కదాన్నే అలా చేసుంటాడనుకున్నావా? మిగతా ఇళ్లలో ఇంకెంతమంది దొంగచుట్టాల్ని దూర్చాడో!”

భోజనాలయ్యాక, బండి మీద కొనుక్కొచ్చిన గైడు కత్తిరింపు బల్ల మీద తెరిచారు. మాస్టారు తప్పు చూపించడం, పిచ్చుక గీత పెట్టడం. ప్రతి తప్పుకీ ఆయన గొంతు ఒక మెట్టు పైకెక్కింది. పోర్ట్ ఇంట్లో కూడా ఇద్దరు పరాయివాళ్లు దొరికారు. “చూశావా, చూశావా వీడి దౌర్జన్యం!” అని బల్ల గుద్దబోతుంటే మరదలు ఆయన మణికట్టు పట్టుకుని ఆపింది. పెదవుల మీద వేలు పెట్టి చూపించింది.

పిచ్చుక పుస్తకం మీదే నిద్రపోయింది. ఎన్నాళ్ల తర్వాతో ఆదమరిచి, నోరు కొంచెం తెరిచి.

మరదలు కుట్టడానికొచ్చిన ఉన్నికోటు ఒకటి తెచ్చి కూతురి భుజాల మీద కప్పింది. “మిగతా కోపం రేపు పడదాం బావగారూ,” అంది గుసగుసగా. మాస్టారు తలూపారు. చెప్పులు చేత్తో పట్టుకుని మెట్ల వైపు నడిచారు. ఆయన వెనకాల ఆమె షాపు తలుపును, కిర్రుమనే చోట పైకెత్తి పట్టుకుని, చప్పుడు కాకుండా మూసింది.